పన్నెండు ఈనెపుల్లల ప్రసంగం

నా చిన్నప్పుడు మా మందిరంలో గుడ్ ఫ్రైడే ఆరాధన మధ్యాహ్నం పన్నెండింటికి మొదలై మూడింటికి ముగియాలని రూలు. మొదలవడం చాలాసార్లు చూశాను. ముగియడం చూసినట్టు గుర్తులేదు. యేసు ప్రభువు సిలువ మీద పలికినవి ఏడే ఏడు మాటలు. వాటిని వివరించడానికి మా పేటలో ఏడుగురు లేచేవారు. ఒక్కొక్కరికీ ఇరవై అయిదు నిమిషాలు. ఆ ఏడు గొంతులూ ఒక్కసారిగా లేస్తే గోదావరి అవతల నర్సాపురంలో కునుకు తీస్తున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి మారుమనసు పొందేవారని మా వాళ్ళ నమ్మకం. పొద్దున్నుంచీ ఉపవాసం ఉన్న పిల్లలం మాత్రం రెండో మాటకే గోడకి జారబడి, అయిదో మాటకి పరలోకం గుమ్మందాకా వెళ్ళి, ఆఖర్న పోసే మజ్జిగ వాసనకి వెనక్కి తిరిగొచ్చేవాళ్ళం.

మాది రాజోలుకి నాలుగు మైళ్ళ దూరాన, కాలవ గట్టు మీద పేట. మాకు ఏడాది జనవరితో మొదలయ్యేది కాదు. ఆగమన కాలంలో మందిరం మీదికి వెదురు బద్దల నక్షత్రం ఎక్కిన రోజున మొదలయ్యేది. ఆ నక్షత్రం ఎంత పెద్దదంటే, తూర్పు జ్ఞానులు నిజంగా మా కోనసీమ మీదుగా వచ్చి ఉంటే బెత్లెహేము మరిచిపోయి మా పేటలోనే దిగిపోయి ఉండేవారు. క్రిస్మస్ అయ్యాక శ్రమల కాలం వచ్చేది. నలభై రోజులు పేటలో మాంసం ముట్టేవారు కాదు. ఆ సంగతి మా కన్నా ముందు మా కోళ్ళకి తెలిసేది. ఆ నలభై రోజులూ అవి నడివీధిలో రొమ్ము విరుచుకుని తిరిగేవి, సంఘ పెద్దలకి కూడా దారి ఇచ్చేవి కావు. ఈస్టరుకి ముందు శనివారం తెల్లవారేసరికి ఒక్కటి కనిపిస్తే ఒట్టు.

ఏడు మాటల్లో ఎవరికి ఏది రావాలో శ్రమల కాలం మూడో ఆదివారం నాడు సంఘంలో పెద్దవాళ్ళందరి చేతా చీట్లు తీయించి తేల్చేవారు. చీట్లు ఎందుకంటే, అంతకుముందు మనుషుల్ని ఎంచుకుని మాటలు పంచితే పేట రెండుగా చీలిపోయింది. క్షమించమని అడిగే మొదటి మాటని, పాతికేళ్ళుగా అన్నదమ్ములతో గట్టు తగాదా ఆడుతున్న పెద్దమనిషికి ఇచ్చారట. దప్పిక గురించిన అయిదో మాట సాయంత్రమయ్యేసరికి తాడిచెట్ల కింద తేలే మరొకాయనకి ఇచ్చారట. ఇద్దరూ తమనే అన్నారని అలిగి, రెండు క్రిస్మస్‌లు మందిరం మెట్టెక్కలేదు. చీటీలో ఏది వస్తే అది దేవుడిచ్చినట్టే కనక ఇక ఎవరికీ అలగడానికి వీల్లేకపోయింది.

అయితే నాలుగో చీటీ అంటే అందరికీ హడలు. మిగిలిన ఆరు మాటల్లోనూ ఏదో ఒక దారి ఉంది. క్షమాపణ ఉంది, పరదైసు ఉంది, తల్లికి ఆసరా ఉంది. నాలుగో మాటలో దేవుడి కొడుకే దేవుణ్ణి నన్నెందుకు వదిలేశావని అడుగుతాడు. అడుగుతాడు, అంతే. పైనించి జవాబు రాదు. దాని మీద ఇరవై అయిదు నిమిషాలు ఎవరు మాట్లాడగలరు? చీటీ విప్పి నాలుగంకె చూసినవాళ్ళకి అక్కడికక్కడే గొంతు బొంగురుపోయేది. ఒకాయనకైతే చీటీ చదవక ముందే, మడత చూసి జ్వరం వచ్చింది.

నాకు పదేళ్ళ వయసులో ఆ చీటీ మా మామ్మకి వచ్చింది.

మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, నాలుగున్నర అడుగుల మనిషి. కొబ్బరాకు నించి ఈనెలు గీసి చీపుళ్ళు కట్టి, అంబాజీపేట కొట్లకి వేసేది. ఆమె చేతిలో కత్తి ఆడుతుంటే ఆకు తనంతట తానే భయపడి ఈనెని వదిలేసేదని చెబితే మీరు నమ్మరు. ఆ చుట్టుపక్కల పది ఊళ్ళ వాకిళ్ళు మామ్మ చీపుళ్ళతోనే తెల్లవారేవి. ఆమెకి అక్షరం ముక్క రాదు. వేలిముద్ర వేయడానికి కూడా బొటనవేలు ముందు కడుక్కుని, ప్రార్థన చేసి, ఆ తర్వాత వేసేది.

మా ఉపదేశి గారు, అంటే మందిరంలో వాక్యం చెప్పే పెద్దాయన, సోడాబుడ్డి కళ్ళద్దాల్లోంచి చీటీని మూడుసార్లు చూశారు. ఆ అద్దాల మందానికి అంకె నాలుగు ఆయనకి నలభై అంత కనబడి ఉంటుంది.

"చదువు రాని మనిషికి నాలుగో మాటేంటండీ? మార్చేద్దారి," అన్నారు పెద్దల వైపు తిరిగి.

"చదువు రాకపోతే ఏవండీ?" అంది మామ్మ కూర్చున్న చోటునుంచే. "చీటీ నాకు పడింది కదండీ. మా బుల్లి అయిదో కలాసు. అది చదువుద్ది, నేను బట్టీ పడతాను. ఆయ్."

ఆ విధంగా నేను పదేళ్ళకే గురుస్థానం అలంకరించాను. ఉపదేశి గారు పాపం రాత్రింబగళ్ళు కూర్చుని ప్రసంగం రాసిచ్చారు. పన్నెండే వాక్యాలు. కానీ ఒక్కొక్కటీ గూడ్సు బండంత పొడవు. ఇంజను మా వాకిట్లో ఉంటే గార్డు పెట్టె కాలవ అవతల ఉండేది. నేను చదవడం, మామ్మ తిరిగి చెప్పడం, మధ్యలో బోగీలు ఊడిపోవడం. మూడు రోజులు ఇలా అయ్యాక మామ్మ తన పద్ధతి తను కనిపెట్టుకుంది. పన్నెండు ఈనెలు తీసి, పెద్దదాన్నించి చిన్నదాకా వరసగా కోసింది. అన్నిటికన్నా పొడుగుది మొదటి వాక్యం, పుల్లముక్కంతది పన్నెండోది. కుడిచేతి కట్టలోంచి ఒకటి తీసి వాక్యం చెప్పి నేల మీద పెట్టడం, ఇంకోటి తీయడం. వారం తిరిగేసరికి పన్నెండు బళ్ళూ టైముకి స్టేషను చేరడం మొదలుపెట్టాయి.

నాలుగో ఈనె ఒక్కటే మొండికేసింది. మొదటి ఈనె ప్రభువు అడిగిన ప్రశ్న. ఆ తర్వాతి పదకొండూ ఉపదేశి గారు చెప్పిన జవాబు. అందులో నాలుగోది, పాపం ఎక్కడ ఉంటుందో అక్కణ్ణించి పరిశుద్ధుడైన తండ్రి ముఖం తిప్పుకుంటాడని. అక్కడికి రాగానే మామ్మ ఆగిపోయేది. గుర్తుండటానికని తన చీరంచులోంచి ఎర్రదారం లాగి ఆ ఈనెకి ముడేసింది. అయినా అంతే.

"కన్నతండ్రి మొహం తిప్పుకున్నాడంటే నోరు తిరగట్లేదే బుల్లీ," అనేది.

"అంత కష్టమైన మాటలేం లేవు కదే అందులో," అని నేను గదమాయించేదాన్ని. గురువుని కదా.

ఇక మా బాబాయి సంగతి చెప్పాలి. మామ్మకి ఆఖరి కొడుకు. ఇరవై నాలుగేళ్ళు. కొబ్బరి తోటల్లో దింపు తీసేవాడు, అంటే చెట్లెక్కి కాయలు కోసి దించేవాడు. మా బాబాయి చెట్టెక్కుతుంటే చెట్టే కిందికి దిగుతున్నట్టు ఉండేది. పైనించి అంతర్వేది సముద్రం కనబడుతుందని చెప్పేవాడు. ఒకరోజు మబ్బు లేకపోతే సింహళం కూడా కనబడిందనీ, అక్కడ ఎవడో చెయ్యి ఊపితే తనూ ఊపాననీ చెప్పాడు. నేను నమ్మాను. ఇప్పటికీ కొంత నమ్ముతాను.

మట్టల ఆదివారానికి మందిరానికి కావలసిన కొబ్బరి మట్టలన్నీ ఏటా మా బాబాయే కోసేవాడు. యెరూషలేములో ఖర్జూరం మట్టలు పట్టారు, మాకు ఖర్జూరం ఎక్కడిది? నిండు మట్టలు మందిరం చుట్టూ కట్టేవారు. పిల్లల చేతికి మాత్రం మట్ట చివరి కొసలు తుంచి ఇచ్చేవారు. అంతకుముందు ఏడాది ఊరేగింపులో మా పక్కింటి అక్క పట్టుకున్న కొస నా కొస కన్నా జానెడు పొడవుంది. ఆ జానెడు పన్నెండు నెలలపాటు నా కడుపులో పెరిగి పెరిగి తాటిచెట్టంత అయింది. ఈసారి నాకు కొస వద్దు, నిండు మట్టే కావాలని పండక్కి ముందురోజు శనివారం పొద్దున్నే బాబాయి వెనకాల తోటకి వెళ్ళాను.

నలభై మట్టలు కోశాడు. కత్తి నడుముకి దోపుకుని దిగబోతుంటే నేను కిందనించి అరిచాను.

"బాబాయ్, నాకింకోటి! అవతల పక్కదాన్ని, ఆ పెద్దదాన్ని!"

"నిన్ను మించి ఉంటదే అది. దాని మీదెక్కి వత్తావా మందిరానికి?" అని నవ్వాడు. నవ్వి, మళ్ళీ పైకెక్కి, అవతల పక్కకి వంగాడు. మట్ట కోశాడు. మట్ట కిందపడింది. ఒరిగి నిలబడ్డానికి కాలు పెట్టిన ఇంకో మట్ట మొదలు కొమ్ముపురుగు తొలిచేసి డొల్లయిపోయి ఉంది. పైకి పచ్చగానే ఉంది.

నాకు ఏది చెప్పినా రెండింతలు చేసి చెప్పే అలవాటు. ఆ చెట్టు ఎత్తు మాత్రం నేనెప్పుడూ చెప్పలేదు.

పెద్దవాళ్ళు వ్యాను తెచ్చి బాబాయిని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కణ్ణించి కాకినాడ తీసుకెళ్ళమన్నారు. మా నాన్న తోడు వెళ్ళారు. మరునాడు మట్టల ఆదివారం మానడానికి లేదు కదా. బాబాయి కోసిన మట్టలే మందిరం చుట్టూ కట్టారు. ఉపదేశి గారు ఆ నిండు మట్టని ఎవరితోనో తెప్పించి, "బాబాయి ఆఖర్న కోసిన మట్టమ్మా ఇది, ఊరేగింపులో ముందు నువ్వే పట్టుకోవాలి," అని నా చేతిలో పెట్టారు. ఆయన గౌరవంగానే పెట్టారు. అదెందుకు కోశాడో ఆయనకి తెలీదు. ఎవరికీ తెలీదు. నేను చెప్పలేదు. హోసన్నా పాడుతూ అందరికన్నా ముందు నడిచాను. ఏడాదంతా కోరుకున్నదదే. మట్ట నేల మీద ఈడ్చుకుపోతుంటే పక్కింటి అక్క తన కొస అవతల పారేసి, వెనక్కొచ్చి రెండో చివర ఎత్తి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందా అని నాకు దాని మీద ఎంత కోపం వచ్చిందో.

మంగళవారం నాన్న ఒక్కరే తిరిగొచ్చారు. వెన్నులో నరం తెగిపోయిందనీ, నడుం కింద స్పర్శ లేదనీ, ఇక లేచి నడవడనీ డాక్టర్లు చెప్పారట. నాన్న ఇది చెప్పి, కాళ్ళు కడుక్కోవడం మరిచిపోయి లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికొచ్చి కడుక్కున్నారు.

అప్పట్నించి మా ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. మనుషులు వట్టి చేతుల్తో వచ్చేవారు కాదు. ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం పట్టుకొచ్చేవారు. దేవుడు పరీక్షిస్తున్నాడన్నవారు కొందరు. అంతా మేలుకేనన్నవారు కొందరు. మేలు ఎక్కడుందని మా అమ్మ అడిగితే ఇప్పుడు కనబడదన్నారు. ప్రేమించినవాళ్ళనే శిక్షిస్తాడని ఒకావిడ చెబితే, తననెప్పుడూ శిక్షించలేదేమా అని ఆవిడకే దిగులు పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రెండు రోజుల్లో మా అరుగు మీద పోగుపడిన కారణాలు పడవకెత్తితే రాజోలు నించి బయల్దేరి అంతర్వేది చేరేలోపే ఆ పడవ మునిగిపోయేది. గట్టు తగాదా పెద్దమనిషి అందరికన్నా ఆఖర్న వచ్చి, గొంతు తగ్గించి, "ఇంట్లో ఎవరిదో ఏదో పాపం ఉండే ఉంటదండి. కారణం లేకుండా అంత పని జరగదు కదండీ," అన్నాడు. ఆయన నన్ను చూసి అన్లేదు. కానీ నేను తలుపు వెనకాలే ఉన్నాను.

బుధవారం సాయంత్రం మామ్మ పెరట్లో కూర్చుని, మామూలుగానే ఈనెలు గీస్తోంది. నన్ను పిలిచి, "పాఠం మానేసేవేంటే? శుక్రవారానికి రెండ్రోజులే ఉంది," అంది. కాగితం తెచ్చాను. మొదటి ఈనె చెప్పింది. రెండు, మూడు. నాలుగో దగ్గర ఆగింది. నేను అందివ్వాలి. కాగితంలో అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. నోరు రాలేదు. పాపం ఎక్కడ ఉంటే అక్కణ్ణించి ముఖం తిప్పుకుంటాడు.

"మర్చిపోయేవా?" అంది మామ్మ.

"ఇంకోటి కొయ్యమన్నాను మామ్మా," అన్నాను. "బాబాయి దిగిపోతున్నాడు. నేనే పెద్దది కొయ్యమన్నాను."

మామ్మ కత్తి ఆగింది. నాకు ఊహ తెలిశాక ఆ కత్తి ఆగడం అదే మొదలు. చేతిలో సగం గీసిన ఆకు వైపే చూసింది. నేను దెబ్బ కోసం చూశాను. దెబ్బ కొడితే బాగుండుననిపించింది.

"మట్టలాదోరానికి పిల్లలు పెద్దదే అడుగుతారే," అంది ఆఖరికి. "చిన్నది చాలు అన్న పిల్లని నేను చూళ్ళేదు."

అంతే. పర్వాలేదు అనలేదు, నీ తప్పు లేదు అనలేదు. ఎర్రదారం ఈనెని వెలుగుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, కట్టలో పెట్టేసింది. ఆ సాయంత్రం పాఠం అక్కడితో అయిపోయింది. గురువారం నన్ను పిలవలేదు.

శుక్రవారం మందిరం నిండిపోయింది. మనుషులు కిటికీలకి కూడా వేలాడుతున్నారు. కూర్చోడానికి చోటులేక కొందరు ఒంటికాలి మీద ఆరాధన చేశారంటే అతిశయోక్తి కాదు, కొంచెం అతిశయోక్తి. పైన ఒకే ఒక్క ఫ్యాను. అది కూడా ఉపవాసం ఉన్నట్టు తిరుగుతోంది. మొదటి మాట చెప్పినాయన నలభై నిమిషాలు క్షమించాడు. ఉపదేశి గారు బల్ల మీద గంట కొడుతూనే ఉన్నారు. రెండో మాట, మూడో మాట అయ్యాయి. మూడో మాట చెప్పినావిడ తల్లి గురించి చెబుతూ ఎంత ఏడ్చిందంటే ముందు వరసలో వాళ్ళు చాప వెనక్కి జరుపుకున్నారు.

అప్పుడు ఉపదేశి గారు దిగి వచ్చి మామ్మ దగ్గర వంగారు.

"ఈ ఏడు మీకు కష్టం కదండీ. నేను చదివేస్తాను. కాగితం నా దగ్గరుంది," అన్నారు నెమ్మదిగా.

"వద్దండి," అంది మామ్మ. "నా చీటీ నాకుండనివ్వండి."

లేచి వెళ్ళింది. ప్రసంగ బల్ల ఆమె కన్నా పొడుగు. వెనక నిలబడితే కనబడదని పక్కన నిలబడింది. కొంగులోంచి ఈనె తీసింది. నేను కట్ట కోసం చూస్తున్నాను. కట్ట లేదు. ఒక్కటే ఉంది, పొడుగుది, మొదటిది.

నేను గ్రంథంలో ఉన్నట్టు నేర్పాను. ఆమె అలా చెప్పలేదు. పెరట్లో మాట్లాడినట్టు చెప్పింది.

"నాయనా, నా నాయనా, నన్నెందుకొదిలేసేవు?"

ఈనె బల్ల మీద పెట్టింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"అలా అడిగేడండి ఆయన. అంతటోడు అడిగితే పైనించి పలకలేదు. ఎందుకు పలకలేదో ఉపదేశి గారు చాలా బాగా రాసిచ్చేరు. మా బుల్లి చాలా బాగా నేర్పింది. అయ్యి పదకొండు ఈనెలండి. ఇంటి దగ్గర ఒదిలేసి వచ్చేను. నాకు తెలీదండి ఎందుకో. తెలిసినట్టు చెప్తే అది ఎవరో ఒకళ్ళ నెత్తి మీద పడుద్దండి. అంచేత నేను చెప్పను. నాకిచ్చిన టయిము అయ్యేదాకా ఆయన దగ్గర నిలబడతాను."

నిలబడింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఊపిరి తీసుకుంటోందనుకున్నారు. అయిదు నిమిషాలయ్యాక దగ్గులు మొదలయ్యాయి. ఉపదేశి గారి చెయ్యి గంట మీదికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఎవరో ఆడమనిషి పాట ఎత్తుకోబోయి మొదటి మాటలోనే ఆపేసింది. గట్టు తగాదా పెద్దమనిషి కండువాతో మొహం తుడుచుకున్నాడు, చెమటో మరోటో. నేను గోడ మీద బల్లిని చూశాను, పైకప్పు దూలాలు లెక్కపెట్టాను, మామ్మ కాళ్ళు చూశాను. అరికాళ్ళు పగిలి, మధ్యాహ్నం ఎండకి కాలిన ఇసక ఇంకా అంటుకుని ఉంది. ఆమె ఏడవలేదు. పైకి చూడలేదు. సిలువ వైపు కూడా చూడలేదు. ఆసుపత్రి వరండాలో లోపలున్న మనిషి కోసం నిలబడినట్టు నిలబడింది. ఎప్పుడో మధ్యలో ఉపదేశి గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టేశారు. అద్దాలు లేకుండా ఆయన మొహం చూడటం అదే మొదటిసారి. ఎవరో తెలియని ముసలాయనలా ఉన్నారు.

ఒక్కరూ లేచి వెళ్ళలేదు. ఒక్కరికీ నిద్ర రాలేదు. ఇరవై అయిదు నిమిషాలకి గంట మోగింది. "ఆయ్," అని మామ్మ ఈనె తీసుకుని దిగి వచ్చింది. మా మందిరం కట్టినప్పట్నించీ గంట కొట్టగానే దిగిన మనిషి ఆమె ఒక్కతే. వచ్చి నా పక్కన కూలబడి, నా తల తన ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత మూడు మాటలూ ఎవరు చెప్పారో, ఏం చెప్పారో నాకు తెలీదు. మజ్జిగ కూడా తాగలేదు.

శనివారం పొద్దున్నే వాకిలి ఊడుస్తున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. మామ్మ కొత్త చీపురుతో ఊడుస్తోంది. ఎప్పుడు కట్టిందో మరి. దగ్గరికి వెళ్ళి చూస్తే ఈనెల మధ్యలో ఎర్రదారం ముడి ఉంది. పుల్లముక్కంత పన్నెండోది కూడా ఎక్కడో కట్టు మొదట్లో దూరి ఉంటుంది. నేను చూస్తున్నానని ఆమెకి తెలుసు. ఊడుస్తూనే ఉంది. నా వైపు ముఖం తిప్పి చూసింది, చూసి, మళ్ళీ వంగింది.

ఆదివారం తెల్లవారుజామున అందరం కాలవ గట్టు మీద నిలబడి ఈస్టరు పాటలు పాడాం. మామ్మ కూడా వచ్చి, ఎప్పటిలాగే శ్రుతి తప్పి, అందరికన్నా గట్టిగా పాడింది. ఆయన లేచాడని పాడాం. మంగళవారం మా బాబాయిని తలుపు చెక్క మీద పడుకోబెట్టి వ్యానులో తెచ్చారు. మా బాబాయి లేవలేదు. ఆ వారమూ లేవలేదు, పెంతెకొస్తు నాటికీ లేవలేదు, కోత పండక్కీ లేవలేదు. సంఘమంతా ఉపవాసాలుండి చేసిన ప్రార్థనలు గోడలా పేరిస్తే మా ఇంటి కప్పు దాటేవి. పదకొండేళ్ళు ఆ నులక మంచం మీదే ఉన్నాడు. పడుకునే ఈనెలు గీశాడు, చీపుళ్ళు కట్టాడు. సింహళం సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు ఇంకోటి ఎందుకు కోశావని ఎంతమంది అడిగినా, "మందిరానికి తక్కువయితే బాగోదని," అనేవాడు. ఏటా మట్టల ఆదివారం నాడు నేను తెచ్చిన కొసని చేతిలోకి తీసుకుని, మొదలు దగ్గర బొటనవేలితో నొక్కి చూసి తిరిగి ఇచ్చేవాడు. పన్నెండో ఏడు చూడ్డానికి ఆయన లేడు. ఆ తర్వాత రెండేళ్ళకి మామ్మ కూడా.

ఇప్పుడు మా మందిరానికి పాలరాయి వచ్చింది, పెళ్ళి పందిట్లో ఉన్నన్ని స్పీకర్లు వచ్చాయి. చీట్లు పోయి సంఘం వాట్సాప్ గ్రూపులో పేర్లు పెడుతున్నారు. ఏడు మాటల్లో ఆరింటికి రెండు నిమిషాల్లో పోటీ పడి చేతులెత్తుతారు. నాలుగోదాని ఎదురుగా ఖాళీ ఉంటుంది. ఏటా అక్కడ నేను పేరు రాస్తాను. పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ కూడా నోరు మూయనిదాన్నని నాకు పేరుంది. అందుకని మొదటి ఏడాది జనం చాలా ఆశపడి వచ్చారు. నేను ఒక్క మాట చెప్పి నిలబడ్డాను.

పోయినేడు కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు గారు ఆరాధనయ్యాక నా దగ్గరకొచ్చారు. "చివర్లో కొంచెం ఆశ, నిరీక్షణ కలిగించే మాట చెప్పండమ్మా, జనం ఇలాగే ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు," అన్నారు.

"నిరీక్షణ ఆదివారం వారిదండీ, వాళ్ళు చెబుతారు," అన్నాను. "నాది శుక్రవారం."

ఆయనకి నచ్చలేదు. ఆయన తప్పు కాదు. నాకూ కొన్నేళ్ళు ఆదివారం నించి ఏమీ అందలేదు. ఈస్టరు పాటల్లో నా పెదాలు కదులుతాయి, గొంతు మాత్రం ఇంకా మంగళవారం వ్యాను కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మా బాబాయి నిండు మట్ట కోయకపోతే ఏమయ్యేదో, దేవుడు ఎటు చూస్తున్నాడో నాకు తెలీదు. అడగడం మానలేదు, జవాబు రాలేదు.

కష్టం వచ్చిన ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ రోజు నేర్చుకున్నది చేస్తాను. కారణాలేవీ పట్టుకెళ్ళను. వాళ్ళ గుమ్మం దగ్గర కూర్చుంటాను. ముఖ్యంగా ఆ ఇంట్లో తలుపు వెనకాల ఎవరైనా చిన్నపిల్ల నిలబడి ఉందేమో చూస్తాను.

ఎర్రదారం ఈనె ఆ వేసవిలోనే వాకిట్లో అరిగిపోయింది. మిగిలిన పదీ కూడా అరిగిపోయాయి. మామ్మ చీపురులో కలపని పొడుగుది ఒక్కటి నా బైబిల్లో ఉంది, ఎండి, గోధుమరంగుకి తిరిగి. ఏటా శుక్రవారం మధ్యాహ్నం దాన్ని తీసుకెళ్ళి బల్ల మీద పెడతాను. గంట మోగగానే తీసుకుని దిగి వస్తాను.